రత్నాల బజారులో మా ఆయన

రాత్రంతా వాన కురిసింది. మా అనంతపురం సీమలో ఈ వాక్యం రాసే భాగ్యం ఎప్పుడో గాని పట్టదు కాబట్టి ముందుగా దాన్నే రాసుకున్నాను. ఊరందరికీ ఆ వాన వరం. నాకు మాత్రం తెల్లవారి లేచి తడిసిన వాకిలి చూడగానే గుండెల్లో రాయి పడింది. ఆ పొద్దే మేము రైలెక్కి హోస్పేటకు పోవాలి, స్నేహితుల ఇంట్లో తిని, హంపి చూసి, సాయంత్రం రైలుకు తిరిగి రావాలి. వాన పడిన మర్నాడు మా ఆయనను ఊరు దాటించడమంటే పెళ్ళికొడుకును పీటల మీద నుంచి లేపుకుపోవడమే.

మాది వజ్రకరూరు పక్కన చిన్న ఊరు. మాకు ఒక పిండిమర ఉంది. మా నేలల్లో వజ్రాలున్నాయన్న సంగతి ఈ పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. తొలకరి పడితే పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి. ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలు కట్టుకొచ్చి, నడుములు వంచి, ఎర్రచేలల్లో రోజంతా నడుస్తారు. మా ఆయన ఎర్రిస్వామి ఆ గుంపుకు పెద్దన్న. వానాకాలంలో మరకు తాళం, చేలకు కాళ్ళు. ఇన్నేళ్ళ వెతుకులాటలో ఆయనకు దొరికింది నడుంనొప్పి ఒక్కటే.

ఒకప్పుడు ఆయనకు జత ఉండేవాడు. పేరు ఖాజా. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే తరగతిలో తప్పి, ఒకే చేలో వంగి నడిచినవాళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట వానపడిన ఒక పొద్దున ఇద్దరికీ ఒక మెరుపు కనపడింది. ముందు చూసింది తానంటాడు మా ఆయన. ముందు ఎత్తింది తానంటాడు ఖాజా. చూసినోడిదా, ఎత్తినోడిదా? నడి చేలో గుంజుకున్నారు. ఆ గుంజులాటలో ఆ రాయి కాస్తా బురదలో పడిపోయింది. చీకటి పడేదాకా ఎడమొహం పెడమొహంగా వెతికినా దొరకలేదు. అది వజ్రమో, పగిలిన సీసా ముక్కో ఇప్పటికీ ఆ దేవుడికే తెలియాలి. ఆ పొద్దు నుంచి మాటలు బంద్. మరుసటేడు ఖాజా పెళ్ళాంబిడ్డలతో హోస్పేటకు పోయి, బావమరిది దగ్గర లారీసీట్లు కుట్టే పనిలో చేరాడు.

మొగుళ్ళు మాట్లాడుకోకపోతే ఆడవాళ్ళం మానుకుంటామా? ఖాజా భార్య మాబున్ని, నేను వారానికొకసారి ఫోనులో ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటూనే ఉన్నాం. మొన్నొక రోజు మాబున్ని విసుక్కుంది. "అక్కా, ఈయప్పలు ఇట్లనే పోయేటట్టుండారు. ఒగర్ని ఒగరు చూడాల్లని లోపల కొట్టుకుంటాంది, నోరు మాత్రం తెరవరు. మనమే ఏదో ఒకటి చేయల్ల" అంది. ఏం చేశామంటే, చెరొక అబద్ధం ఆడాం. ఖాజా మనల్ని రమ్మన్నాడని నేను మా ఆయనకు చెప్పాను. ఎర్రిస్వామే వస్తానన్నాడని తను వాళ్ళాయనకు చెప్పింది. రెండు అబద్ధాలు కలిస్తే ఒక నిజం కాకపోతుందా అని మా ఆశ.

బస్టాండు దాకా

బస్సు కోసం నిలబడితే ఊరంతా మా ముందు నుంచే చేలకు పోతోంది. ఒక్కొక్కడూ పలకరించడమే.

"ఏమప్పా ఎర్రిస్వామీ, కొత్త చొక్కా తొడిగినావు, చేను పక్క రావా?"

మా ఆయన నా పక్కకు తిరిగాడు. "ఇంకోనాడు పోదాం లేవే. ఇట్లాంటి వాన మళ్ళా పడల్లంటే ఎన్నాళ్ళు పడతాదో."

"ఖాజా అంతట ఖాజా రమ్మన్నాడు. పోకపోతే ఏమనుకుంటాడు?"

"వాడే రమ్మన్నాడా? వాడి నోటితోనే అన్నాడా?"

ఈ ప్రశ్న ఆ వారంలో ఎన్నిసార్లు అడిగాడో. అడిగిన ప్రతిసారీ నేను అవునన్నాను, విన్న ప్రతిసారీ ఆయన మొహం ఒక్క నిమిషం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు ధైర్యం, భయం రెండూ కలిగాయి. నిజం బయటపడిందా, ఇంక ఈ జన్మకు వీళ్ళిద్దరూ కలవరు. అటుపై మాబున్ని, నేను కూడా ఫోన్లు మానుకోవాల్సిందే.

బస్సు రాగానే మూటలు ముందు ఎక్కించి, వాటి వెనక ఆయన్ను ఎక్కించాను. మూటల్లో ఒకటి జొన్నపిండి. పొద్దున్నే ఎవరూ చెప్పకుండా మర తిప్పి, కొంచెం బరకగా పట్టి కట్టాడు. ఎవరికని అడిగితే "మాబున్నికి" అన్నాడు. మాబున్ని జొన్నరొట్టె తినదు. బరక రొట్టె అంటే ప్రాణం విడిచేది ఖాజా.

గుంతకల్లు నుంచి బళ్ళారి

గుంతకల్లులో జనరల్ పెట్టెలో సీటు దొరకడమే ఒక పండగ. పిండిమూట పైపలక మీద పెట్టాం. కింద మీసాల పెద్దమనిషి ఒకాయన కిటికీకి తల ఆనించి మంచి నిద్రలో ఉన్నాడు. రైలు కదిలి కాస్త దూరం పోయాక చూస్తే ఆయన నల్లటి మీసాలు తెల్లబడుతున్నాయి. మూట మూలన చిరుగుంది. రైలు ఊగినప్పుడల్లా చిటికెడు పిండి జారి ఆయన తల మీద, మీసాల మీద పడుతోంది. పెట్టెలో అందరూ చూస్తున్నారు, ఒక్కరూ లేపరు. మా ఆయన మెల్లగా లేచి చిరుగును వేలితో మూసి అట్లాగే చెయ్యెత్తుకుని నిలబడ్డాడు. అంతలో ఆ పెద్దమనిషికి తుమ్ము వచ్చి మెలకువైంది. అద్దం లేకపోయినా చేతికంటిన పిండి చూసుకుని, పైకి చూసి, మా ఆయనను చూశాడు.

"ఏమన్నా, నన్ను రొట్టె చేస్తాండావా?"

పెట్టెంతా పగలబడి నవ్వింది. ఆ పెద్దమనిషి బళ్ళారిలో మిరపకాయల వ్యాపారి. తువ్వాలుతో దులుపుకొని, "మీ పక్క వాన పడిందా?" అని అడిగాడు. అంతే, మీసాల సంగతి అందరూ మరిచిపోయారు. మా సీమలో ఏ తగువైనా ఆ ఒక్క ప్రశ్నతో చల్లారుతుంది.

బళ్ళారిలో ఒకామె గంపతో ఎక్కి ఒగ్గరణి, మిరపకాయ బజ్జి అమ్మింది. బొరుగులు తడిపి, ఎర్రగడ్డలు, పుట్నాలపొడి వేసి తాలింపు పెట్టినదే. మేము ఉగ్గాని అంటాం, వాళ్ళు ఒగ్గరణి అంటారు. ప్లేటు ముప్పై రూపాయలు. నేను నోరు మూసుకోలేక "మా గుంతకల్లులో ఇంకా బాగుంటాది" అన్నాను. ఎదురుసీటు ఆమె గయ్యిమంది.

"మీకు నేర్పించిందే మా బళ్ళారోళ్ళు!"

"మీ బళ్ళారికి కోడలైపోయిన మా ఊరిపిల్ల నేర్పించింటాది లేమ్మా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు ఇద్దరం తగ్గలేదు. తగువు తీర్చమని మా ఆయన్ను అడిగితే, ఇంకో ప్లేటు తింటే గాని చెప్పలేనన్నాడు. అదీ తిని ఇప్పటికీ తీర్పు చెప్పలేదు.

బళ్ళారి దాటి కాస్త పోతే కళ్ళు చల్లబడతాయి. చెరకు, అరటి, వరి, కాలవ. మా ఊరి ఎర్రదుమ్ముకు అలవాటుపడిన కంటికి అంత పచ్చదనం చూస్తే సంతోషం కంటే ముందు కోపం వస్తుంది. ఇన్ని నీళ్ళు వీళ్ళకేమిటికి, మాకెందుకు లేవు అని. హోస్పేటలో దిగి ఖాజా ఇంటికి నడిచే దారిలో రెండు వీధి కొళాయిలు ఊరికే కారుతుంటే రెండూ కట్టేశాను. రెండోదాని కింద బిందె పెట్టుకున్నామె నన్ను తిట్టింది.

హోస్పేట

గుమ్మంలో ఖాజా నిలబడి ఉన్నాడు. గడ్డం నెరిసింది, పొట్ట వచ్చింది. మా ఆయన ఆగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి, ఎదుటివాడు నోరు తెరుస్తాడని కాచుకున్నారు. రమ్మన్నవాడు కదా, వాడే పలకరించాలని మా ఆయన. వస్తానన్నవాడు కదా, వాడే మొదలుపెట్టాలని ఖాజా. మేము కట్టిన అబద్ధం మా మెడకే చుట్టుకుందని అప్పుడు తెలిసింది. చివరికి ఖాజా నా పక్కకు తిరిగి "రా వదినా, బాగుండావా?" అన్నాడు. మా ఆయన మాబున్ని పక్కకు తిరిగి "బాగుండావా చెల్లెలా?" అన్నాడు. గడప దాటారు.

మాబున్ని బిర్యానీ రుచి తెలిసినదాన్ని కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకుపోయాను. ఆకు వేస్తే గుత్తివంకాయ, పప్పు, జొన్నరొట్టె, పెరుగు. నేను మాబున్నిని చూశాను. ఆమె గుసగుసగా చెప్పింది. "నేను మటన్ తెస్తానంటే ఈయప్పే వద్దన్నాడక్కా. ఈ పొద్దు శనివారం, ఎర్రిస్వామి నీసు ముట్టడు అన్నాడు." ఎనిమిదేళ్ళు మాట్లాడనివాడికి శనివారం మాత్రం గుర్తుంది.

భోజనం అయ్యేదాకా మా ఇద్దరి పని పోస్టుమేన్ల పనే.

"మాబున్నీ, ఇంకో రొట్టె కావాల్నేమో అడుగు" అన్నాడు ఖాజా గోడను చూస్తూ.

"అన్నా, ఇంకో రొట్టె?"

మా ఆయన నాతో, "చాలని చెప్పు."

నేను మాబున్నితో, "చాలంట."

మాబున్ని మొగుడితో, "చాలంట."

"అప్పుడు ఆరు తినేవాడు, ఇప్పుడు మూడుకే చాలా అని అడుగు."

ఇద్దరి మోకాళ్ళ మధ్య జానెడు దూరం లేదు. ఆ ప్రశ్న మా ఇద్దరి మీదుగా తిరిగి తిరిగి మా ఆయనకు చేరేసరికి రొట్టె చల్లారిపోయింది. అయినా తిన్నాడు.

చేతులు కడుక్కునే సాకుతో నేనూ మాబున్ని వంటింట్లో చేరాం. "అక్కా, వీళ్ళ మాటలు మోసి మోసి నా దవడలు నొప్పి పుడతాండాయి. ఏం చేద్దాం?"

"ఈ పొద్దు కాకపోతే ఇంక కాదు మాబూ. మళ్ళా అబద్ధమాడితే నమ్మరు. హంపికి పోదాం. ఆ గుళ్ళూ గోపురాలూ చూసైనా మనసు మెత్తబడతాదేమో."

నాకు ఇంకొక లెక్క కూడా ఉంది. ఊళ్ళో వాన పడిందన్న బెంగ, చేలు, రాళ్ళు, అన్నీ ఆయన అక్కడ మరిచిపోతాడనుకున్నాను. వజ్రాల పిచ్చి ఉన్నవాణ్ణి హంపికి తీసుకుపోయి మాన్పించాలనుకున్న తెలివిగలదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

హంపి

ఆటో దిగగానే ఒక కోతి మా అరటిపళ్ళు ఎత్తుకుపోయి, మా ఎదురుగానే కూర్చుని తొక్క ఒలుచుకుని తింది. హంపికి పోయేవాళ్ళు చేతిలో ఏమీ పట్టుకోవద్దు. కొండరాళ్ళ గుండ్లు చూసి మాత్రం అబ్బురపడ్డాను. మా పక్కా గుండ్లున్నాయి గాని, ఇట్లా ఒకదాని మీద ఒకటి ఎవరో కూర్చోబెట్టి మరిచిపోయినట్టు ఉండవు. విరూపాక్షుడి దర్శనం చేసుకున్నాం. మాబున్ని గోపురం నీడలో అరుగు మీద కూర్చుని నా చెప్పులకు కాపలా కాసింది. మగవాళ్ళిద్దరూ చెరొక స్తంభానికి ఆనుకుని చెరొక దిక్కు చూశారు.

గుడి ముందు పొడుగాటి పాత బజారు వీధి. రెండు పక్కలా రాతి మంటపాలు. మా వెనకే తెలుగు యాత్రికుల గుంపొకటి వచ్చింది. వాళ్ళ గైడు చేతులెత్తి, "ఇదేనండీ ఆ బజారు! రాయలవారి కాలంలో ఈ వీధిలోనే రత్నాలు, వజ్రాలు రాశులు పోసి అమ్మినారంట!" అన్నాడు.

అయిపోయింది. నా పక్కన నడుస్తున్న మనిషి నడుం వంగింది.

రాశులు పోసి అమ్మితే ఒకటో అరో కింద పడకుండా ఉంటుందా అన్నది ఆయన లెక్క. పైగా అక్కడా రాత్రి వాన పడి నేల కడిగినట్టుంది. తల ఎత్తి చూస్తే అవతలి పక్క ఖాజా కూడా వంగి ఉన్నాడు. లారీసీట్లు కుట్టే చెయ్యి వీపు వెనక్కు పోయింది, కళ్ళు నేలకు అతుక్కున్నాయి, అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. లోకంలోని జనమంతా గోపురం చూస్తుంటే వీళ్ళిద్దరూ దాని కిందున్న మట్టిని చూస్తున్నారు. చూస్తూ చూస్తూ, తెలియకుండానే, చెరొక పక్క నుంచి వీధి నడుమకు వచ్చి జతగా నడవడం మొదలుపెట్టారు.

వజ్రాలు వెతికేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. ఎండకు ఎదురుగా నడవాలి. అప్పుడు మన నీడ మన వెనక పడుతుంది. పక్కవాడి ముందు నేల మీద నీడ పడనిచ్చినవాణ్ణి కొట్టినా తప్పులేదంటారు. మా ఆయన ఏదో రాయి చూసి ఖాజా ముందుకు అడ్డంగా వచ్చాడు.

"నీ నీడ తియ్యిరా! ఎండకు ఎదురుగా నడువని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు!"

ఖాజా గొంతు. ఎనిమిదేళ్ళలో మొదటి మాట. మాబున్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తీస్తాండా లేరా, అరవద్దు" అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండానే. తాము మాట్లాడుకున్నామని వాళ్ళకే తెలియదు. మేమిద్దరం దగ్గడానికి కూడా భయపడ్డాం.

ఇంతలో కాపలామనిషి ఈల ఊదుకుంటూ వచ్చాడు. "ఏన్రీ, ఏన్ కళకొండీరి?" అని కన్నడంలో అడిగాడు, ఏం పోగొట్టుకున్నారని. ఇద్దరూ తల ఎత్తకుండా వెతుకుతూనే ఉన్నారు. పాపం, ఉంగరం పోయిందేమో అనుకుని ఆయనా వంగాడు. దోసకాయలు అమ్మే అవ్వ "కమ్మలా?" అంటూ గంప దించి వంగింది. యాత్రికుల గుంపులో సగం మంది వంగారు. చివరికి గైడు కూడా వంగాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే జాతి మనది. ఏం వెతుకుతున్నామని అడిగిన మనిషి ఒక్కడు లేడు. ఎవరికో ఒక తలపిన్ను దొరికింది. ఇంకెవరికో చొక్కా గుండీ దొరికింది.

అప్పుడు మంటపం మెట్టు పక్కన తడిమట్టిలో ఏదో తళుక్కుమంది. ఇద్దరికీ ఒక్కసారే కనపడింది. రెండు చేతులు ముందుకు పోయాయి. రెండు చేతులూ వెనక్కు వచ్చాయి.

"ఎత్తురా" అన్నాడు ఖాజా.

"నువ్వే ఎత్తు. ముందు చూసింది నువ్వే."

"నేను యాడ చూసినా? నువ్వే చూసినావు!"

"నీదేనంటే ఇనపడలేదా?"

"నాకొద్దంటే నీకు ఇనపడలేదా?"

గొంతులు పెరిగాయి. పోయిన సారి నాదంటే నాదని కొట్టుకున్నవాళ్ళు ఈసారి నీదంటే నీదని కొట్టుకుంటున్నారు. మా ఆయన వేలు చూపించి, "రమ్మని పిలిచినోడివి నువ్వు. పెద్దతనం నీది. నువ్వే ఎత్తల్ల!" అన్నాడు.

"నేనా? నేను యాడ పిలిచినా? వస్తానని అడిగింది నువ్వు కదరా!"

ఇద్దరూ మెల్లగా మా పక్కకు తిరిగారు. నేను గోపురం మీది బొమ్మలు లెక్కపెట్టసాగాను. మాబున్ని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఒక్క నిమిషం ఆగి ఖాజా పొట్ట కదిలింది. నవ్వు. మా ఆయన ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, మెట్టు మీద కూలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

ఈ సందులో కాపలామనిషి ఆ మెరిసేదాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. సోడాసీసా పెంకు.

"అప్పుడు మనకు దొరికింది కూడా ఇట్లాంటిదేనేమో లేరా" అన్నాడు ఖాజా.

"ఛీ, అది వజ్రమే."

ఖాజా కాసేపు ఆలోచించాడు. "అవున్రా. అది వజ్రమే."

నా ఒళ్ళు మండింది. కానీ మా ఆయన ఖాజా మణికట్టు పట్టుకుని, "నువ్వు ఊరిడిసిపెట్టి పోయినాక నేను ఒక్కణ్ణే తిరుగుతాండా. రాయి దొరక్కపోతే పోయింది, పక్కన మాట్లాడేకి మనిషి లేడురా" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను ఆయనకు వజ్రాల పిచ్చి అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. మాబున్ని అప్పటికే ఏడుస్తోంది. దోసకాయల అవ్వ మా అందరినీ చూసి, పోయింది దొరికిందనుకుని సంతోషపడి, ఇరవై రూపాయల దోసకాయ ముక్కలు పదిహేనుకే ఇచ్చింది.

తిరుగు రైలు

హోస్పేట స్టేషన్లో మా మూటలు పెట్టడానికి ఖాజా పెట్టె ఎక్కాడు. మాబున్ని కట్టిచ్చిన బెల్లం అచ్చులు, కొబ్బరికాయలు, అరటిగెల. మూటలు సర్దుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, మా ఆయన వింటున్నాడు, రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద మాబున్ని పరుగెత్తుతూ అరుస్తోంది. "దిగప్పా! దిగూ!" ఖాజా తలుపు దగ్గర నుంచి చెయ్యి ఊపి, "తోరణగల్లులో దిగి వస్తా పో!" అన్నాడు.

తోరణగల్లు వచ్చింది. ఖాజా ఒక కథ మధ్యలో ఉన్నాడు. తోరణగల్లు పోయింది. బళ్ళారిలో ఇద్దరూ దిగారు, టీ తాగారు, చేతులు పట్టుకుని వీడ్కోలు చెప్పుకున్నారు, రైలు కూత వేయగానే ఇద్దరూ ఎక్కేశారు. ఏమన్నా వినేవాళ్ళు ఎవరు?

మాబున్ని ఫోను. "అక్కా, బళ్ళారిలో దిగినాడా?"

"దిగినాడు. మళ్ళా ఎక్కినాడు."

"ఆయప్ప బీపీ మాత్రలు ఈడనే ఉండాయి కదక్కా. మొగుడు ఆడ, మాత్రలు ఈడ ఉంటే ఎట్ల? రేపు పొద్దున రైలుకు నేనే తీసుకొని వస్తా. ఎన్ని రోజులకు బట్టలు పెట్టుకోవాల్నో చెప్పు."

నేను తలుపు పక్కకు చూశాను. ఇద్దరూ గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒకడి మాట అయ్యేలోపే ఇంకొకడు అందుకుంటున్నాడు. వాళ్ళు విడిపోయిన మొదటి ఏడాది కబుర్లే ఇంకా అయినట్టు లేవు.

"ఉండేవన్నీ తెచ్చుకో మాబూ" అన్నాను.